ఇంధనంతో టర్బైన్‌కు చల్లదనం: హైదరాబాద్ పరీక్ష ఎంతవరకు ఆధారం?

ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో పోటీ పరీక్షలకు చదివేవాళ్ల కరెంట్ అఫైర్స్ నోట్సులో ఒకే పేజీలో పడదగ్గ వార్తలు రెండున్నాయి. ఒకటి, 2019 జనవరి 26న యమునకు అవతలి ఒడ్డున, రాజ్‌పథ్ మీదుగా వాయుసేన ఏఎన్-32 విమానం 10 శాతం జీవ ఇంధనం కలుపుకొని ఎగిరింది. ఆ ఇంధనాన్ని డెహ్రాడూన్‌లోని సీఎస్ఐఆర్ పెట్రోలియం సంస్థ పరిజ్ఞానంతో అడవి ఆముదం నూనె నుంచి తీశారు. రెండోది, 2025 ఏప్రిల్ 25న హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ ఒక స్క్రామ్‌జెట్ (శబ్దవేగాన్ని మించిన గాలి ప్రవాహంలో ఇంధనం మండే ఇంజిన్) కంబస్టర్‌ను, అంటే దహన గదిని, 1000 సెకన్లకు పైగా ఆగకుండా మండించింది. దాని గోడల్ని చల్లబరిచింది అందులో మండే ఇంధనమే. ఈ రెండూ చదివినవారికి ఒక ఆలోచన రావడం సహజం: కొత్తరకం ఇంధనాలతో మామూలు జెట్ ఇంజిన్ టర్బైన్‌నూ చల్లబరచవచ్చు కదా? వచ్చేమో. కానీ ఇప్పుడున్న ఆధారాలు అంత దూరం రావు.

ముందు హైదరాబాద్ సంగతి. 2020 సెప్టెంబరు 7న ఒడిశా తీరం నుంచి ప్రయోగించిన హెచ్ఎస్‌టీడీవీ అనే హైపర్‌సోనిక్ పరీక్ష వాహనంలో స్క్రామ్‌జెట్ ఇరవై సెకన్లకు కాస్త పైగా పనిచేసింది. అంత తక్కువ సేపైతే గోడ వేడెక్కేలోపే పని ముగించవచ్చు. నిమిషాల తరబడి మండాలంటే గోడలోంచి వేడిని ఎప్పటికప్పుడు తోడేయాలి. 2025 జనవరి 21న ప్రకటించిన 120 సెకన్ల పరీక్షలో డీఆర్‌డీఎల్ వాడింది ఉష్ణాన్ని పీల్చుకునే ప్రత్యేక ఇంధనం. గోడలోని సన్నని కాలువల్లో పారుతూ అది వేడెక్కడమే కాదు, దాని అణువులు విడిపోతాయి, విడిపోవడానికీ వేడినే వాడుకుంటాయి. అలా విడిపోయిన ముక్కలు తర్వాత తేలిగ్గా అంటుకుంటాయి. చల్లదనమూ, సులువుగా మండడమూ రెండూ కలిసొస్తాయని అధికారిక ప్రకటన కూడా చెప్పింది. అయితే దానికి తోడు ఉక్కు కరిగే ఉష్ణోగ్రతకు పైన కూడా నిలిచే సిరామిక్ పూత ఉంది. గోడ నిలవడంలో ఇంధనం వాటా ఎంత, పూత వాటా ఎంత అన్నది ఆ ప్రకటన బట్టి తేలదు.

పైగా స్క్రామ్‌జెట్‌లో టర్బైనే లేదు. తిరిగే భాగమే లేదు. చల్లబడింది కదలని గోడ.

టర్బైన్ బ్లేడు కథ వేరు. ఆధునిక ఇంజిన్లలో దాని మీదికొచ్చే వాయువు వేడి 1500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, బ్లేడు లోహం అంతకు ముందే కరిగిపోవాలి. కరగకుండా కాపాడేది కంప్రెసర్ నుంచి మళ్లించి బ్లేడు లోపలికి పంపే గాలి. విచిత్రం ఏమిటంటే ఆ ‘చల్లటి’ గాలే 600 డిగ్రీల దాకా కాగి ఉంటుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడులోకి గాలికి బదులు ఇంధనం పంపితే చిన్న పగులు చాలు, అక్కడే మంట. అందుకే నా దృష్టిలో పరిశీలించదగ్గ దారి ఒకటే: ఇంధనంతో ఆ గాలిని చల్లబరిచి, గాలిని బ్లేడుకు పంపడం.

ఎంత చల్లబరచగలం? చేతి లెక్క ఒకటి వేద్దాం. ఇంజిన్ లోపలి భాగంలోకి ఒక కిలో గాలి వెళ్తే, సుమారు 200 గ్రాములు చల్లబరచడానికి పోతుందనీ, 25 గ్రాముల కిరోసిన్ మండుతుందనీ అనుకుందాం. ఆ 200 గ్రాముల గాలిని 100 డిగ్రీలు దించాలంటే 21 కిలోజౌళ్లు లాగేయాలి. మామూలు జెట్ ఇంధనాన్ని సుమారు 160 డిగ్రీలు దాటి వేడిచేస్తే గొట్టాల్లో మసి పేరుకుంటుంది. 50 నుంచి 160 వరకు తీసుకున్నా ఆ 25 గ్రాములు పీల్చేది 6 కిలోజౌళ్లే, అంటే గాలి 30 డిగ్రీలు కూడా దిగదు. అందులోనూ ఇంజిన్ ఆయిల్‌ను చల్లబరిచే పని ఇప్పటికే ఇంధనం నెత్తినుంది. అమెరికా వాయుసేన కోసం తయారైన ప్రత్యేక సంకలనంతో హద్దు 218 డిగ్రీలకు పెరిగింది. అప్పుడు కూడా 9 కిలోజౌళ్లే.

జీవ ఇంధనం ఇక్కడ ఏం మారుస్తుంది? ఒక్కో గ్రాము పీల్చుకునే వేడిలో పెద్ద తేడా ఉండదు. గంధకం, ఇతర మలినాలు దాదాపు లేకపోవడం వల్ల ఎక్కువ వేడిని తట్టుకోవడమే దాని బలం. పరీక్ష చాలా మోటుగా ఉంటుంది: వేడి గొట్టం మీదుగా ఇంధనాన్ని రెండున్నర గంటలు పారించి, గొట్టం మీద ఏ రంగు మరక పట్టిందో చూస్తారు. మామూలు జెట్ ఇంధనానికి ఆ గొట్టం వేడి 260 డిగ్రీలు, కల్తీలేని కృత్రిమ ఇంధనానికి 325. కానీ విమానంలోకి వెళ్లేది మిశ్రమం. కిరోసిన్ సగం కలిసిన చోట ఆ 325 హామీ నిలవదు. రాజ్‌పథ్ మీద ఎగిరిన 10 శాతం మిశ్రమం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ద్రవ హైడ్రోజన్ దగ్గర అంకెలు తిరగబడతాయి. అదే శక్తికి 9 గ్రాములు చాలు. మైనస్ 253 డిగ్రీల నుంచి గది వేడికి వచ్చేసరికి ఆ 9 గ్రాములు 35 కిలోజౌళ్లు పీల్చుకుంటాయి. గాలిని 160 డిగ్రీలకు పైగా దించవచ్చు. అమ్మోనియాకు అదే శక్తి కావాలంటే 58 గ్రాములు కావాలి, ఆవిరి కావడానికే అది 79 కిలోజౌళ్ల దాకా లాగుతుంది. కాగితం మీద అమ్మోనియాదే పైచేయి, మోయాల్సిన బరువు మాత్రం కిరోసిన్‌కు రెండింతలకు పైగా. ఇంజిన్‌లోని అధిక పీడనంలో ఆ గుప్తోష్ణం తగ్గుతుంది కాబట్టి 79ని గరిష్ఠంగానే చూడాలి. ఇక హైడ్రోజన్ విమానం అనగానే చెప్పే సోవియట్ టీయూ-155 (1988 ఏప్రిల్ 15) మూడింటిలో ఒక ఇంజిన్‌ను ఆ ఇంధనంతో నడిపింది. అది హైడ్రోజన్‌తో ఎగరవచ్చనడానికి సాక్ష్యం, బ్లేడు చల్లబడుతుందనడానికి కాదు.

చల్లటి ఇంధనం, వేడి ఆయిల్ కలిసే చోట ఏం జరగవచ్చో 2008 జనవరి 17న లండన్‌లో తెలిసింది. బీజింగ్ నుంచి వచ్చిన బోయింగ్ 777 హీత్రో రన్‌వేకు ముందే నేలకు తాకింది. ఇంధనంలోని కొద్దిపాటి నీరు మంచుగా మారి, ఒక్కసారిగా ఊడి వచ్చి, ఆయిల్‌ను చల్లబరిచే పరికరం ముఖం మీద పేరుకుంది. ఆ ముఖం మీద సన్నని గొట్టాల కొనలు కొద్దిగా బయటికి పొడుచుకొని ఉండేవి, మంచు వాటి మధ్య ఇరుక్కుంది. తర్వాత ఆ కొనల్ని సమంగా ఉండేట్టు మార్చారు. 152 మందిలో ఎవరూ చనిపోలేదు. పొడుచుకొచ్చిన ఆ కొనల మధ్య ఇరుక్కున్న మంచే ఇంధన ప్రవాహాన్ని అడ్డుకుందంటే, మైనస్ 253 డిగ్రీల ద్రవం పక్కన 600 డిగ్రీల గాలిని పెట్టే పరికరానికి ఎన్ని పరీక్షలు కావాలో ఊహించుకోవచ్చు.

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోనే డీఆర్‌డీఎల్‌కు పొరుగున ఉన్న లోహ పరిశోధనాశాల డీఎంఆర్ఎల్ ఇదే వేడిని మరో వైపు నుంచి ఎదుర్కొంటోంది. నికెల్ మిశ్రమలోహాన్ని ఒకే స్ఫటికంగా పోతపోసి చేసిన 60 బ్లేడ్లు హెలికాప్టర్ ఇంజిన్ కోసం హెచ్ఏఎల్‌కు అందాయని 2021 ఏప్రిల్‌లో ప్రకటించారు. టర్బైన్ విషయంలో మన చేతికి అందిన ఆధారం ప్రస్తుతానికి లోహం వైపే ఎక్కువ.

1000 సెకన్లంటే 16 నిమిషాల 40 సెకన్లు. ఢిల్లీలో లేచిన విమానం పూర్తి ఎత్తుకు చేరడానికే దాదాపు అంత పడుతుంది. విమాన ఇంజిన్‌ను విప్పి బాగుచేసే లోపు అది వేల గంటలు తిరగాలి. సన్నని కాలువలో మసి పొర పెరిగేది ఆ గంటల్లోనే. కాబట్టి తర్వాతి ప్రకటన వచ్చినప్పుడు సెకన్లతోపాటు మూడు అంకెల కోసం వెతకాలి: కాలువ చివర ఇంధనం వేడి ఎంత, పరీక్ష అయ్యాక ఎంత మసి మిగిలింది, ఇంధనం గోడ నుంచి లాగిన వేడి ఎన్ని కిలోవాట్లు.