"ఏ సీడీ వేసినా నడుస్తదా అన్నా?": మన ఇంటి డీవీడీ ప్లేయర్ చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక నల్ల డబ్బా ఉంది. ముందు సన్నటి ట్రే, పక్కన నాలుగు బటన్లు, వెనకాల ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు. దుమ్ము పడకుండా పైన అమ్మ కప్పిన గుడ్డ. 2005 నుంచి 2012 మధ్య మీ ఇంట్లో టీవీ కింద ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. అవును, డీవీడీ ప్లేయర్.

మాది హనుమకొండ. మా నాన్న హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నారు. మరీ చవకది కాదు, మరీ ఖరీదైనదీ కాదు, మధ్యరకం. నేనూ వెంట ఉన్నాను. షాపులో నాన్న అడిగింది ఒకే ప్రశ్న: "అన్నా, ఏ సీడీ వేసినా నడుస్తదా?" పిక్చర్ క్లారిటీ గురించి అడగలేదు, సౌండ్ గురించి అడగలేదు. డీవీడీని కూడా మనం సీడీ అనే అనేవాళ్ళం కదా. షాపాయన మాట్లాడకుండా కౌంటర్ కింద నుంచి గీతలు పడ్డ ఒక పాత డిస్కు తీసి, ట్రేలో పెట్టి నడిపి చూపించాడు. బేరం అయిపోయింది.

చాలా ఏళ్ళ తర్వాత నాకు అర్థమైంది ఏంటంటే, ఆ ఒక్క ప్రశ్నలోనే డీవీడీ చరిత్ర మొత్తం ఉంది. ఎందుకంటే డీవీడీని తయారుచేసినవాళ్ళు అన్ని డిస్కులూ అన్ని చోట్లా నడవకూడదనే దాన్ని డిజైన్ చేశారు. కొన్నవాళ్ళు మాత్రం అన్నీ నడవాల్సిందే అన్నారు. ఎవరు గెలిచారో చూద్దాం.

ముందు వీసీడీ. దీని స్టాండర్డ్ 1993లో వచ్చింది. మామూలు సీడీ మీదే సినిమా ఎక్కించడం అన్నమాట. ఒక డిస్కులో సుమారు 74 నిమిషాలు పడుతుంది. అమెరికాలో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు గానీ, చైనాలో, ఆగ్నేయాసియాలో, మన దగ్గర దుమ్ము రేపింది. మన సినిమా రెండున్నర గంటలు ఉంటుంది కాబట్టి రెండు డిస్కులు, ఒక్కోసారి మూడు. సరిగ్గా ఫైట్ మధ్యలో సినిమా ఆగిపోతే, ఇంట్లో చిన్నవాడు లేచి డిస్కు మార్చాలి. మా ఇంట్లో ఆ చిన్నవాడిని నేనే.

అటు పెద్ద కంపెనీలు రెండు జట్లుగా కొట్టుకుంటున్నాయి. ఒకవైపు సోనీ, ఫిలిప్స్. ఇంకోవైపు తోషిబా, టైమ్ వార్నర్, వాళ్ళ మిత్రులు. వీడియో క్యాసెట్ రోజుల్లో వీహెచ్ఎస్, బీటామ్యాక్స్ గొడవ వల్ల అందరూ దెబ్బ తిన్నారు. మళ్ళీ అదే జరగకూడదని 1995లో రాజీకొచ్చి ఒకే ఫార్మాట్ ఒప్పుకున్నారు. అదే డీవీడీ. 1996 నవంబర్‌లో జపాన్‌లో, 1997లో అమెరికాలో ప్లేయర్లు అమ్మకానికి వచ్చాయి.

చూడ్డానికి డిస్కు సైజు సేమ్, 12 సెంటీమీటర్లు. లోపల కథ వేరు. సీడీని చదివే లేజర్ 780 నానోమీటర్లది, డీవీడీకి 650. కాంతి తరంగం చిన్నదైతే ఇంకా సన్నటి అక్షరాలు చదవొచ్చు. అందుకే సీడీలో 700 ఎంబీ పడితే, డీవీడీలో ఒక పొరకే 4.7 జీబీ పట్టింది. వీసీడీ బొమ్మ 352 బై 288 చుక్కలు, డీవీడీది 720 బై 576. అంటే సుమారు నాలుగు రెట్లు. సినిమా మొత్తం ఒకే డిస్కులో. నాకు డిస్కు మార్చే ఉద్యోగం పోయింది.

ఇప్పుడు అసలు మెలిక. హాలీవుడ్ స్టూడియోలు ప్రపంచాన్ని ముక్కలుగా కోశాయి. వీటిని రీజియన్లు అంటారు. అమెరికా 1, యూరప్, జపాన్ 2, చైనా 6. మన ఇండియా 5, రష్యాతోనూ, ఆఫ్రికాలో చాలా దేశాలతోనూ కలిపి. ఒక రీజియన్ డిస్కు ఇంకో రీజియన్ ప్లేయర్‌లో నడవదు. ఎందుకంటే సినిమా ఒక దేశంలో ముందు, ఇంకో దేశంలో నెలల తర్వాత విడుదలయ్యేది. అక్కడి డిస్కు ఇక్కడికి వస్తే థియేటర్ కలెక్షన్ పోతుందని వాళ్ళ భయం. ధరలు కూడా దేశానికో రకంగా పెట్టుకోవచ్చు.

ఇది మనకెక్కడ తగిలిందంటే, అమెరికా బాబాయ్ సూట్‌కేసులో. ఆ రోజుల్లో అమెరికా నుంచి వచ్చేవాళ్ళు చాక్లెట్లతో పాటు పిల్లలకి కార్టూన్ డీవీడీలు తెచ్చేవాళ్ళు. ప్రేమగా తెచ్చిన డిస్కు వేస్తే తెర మీద రీజియన్ తప్పని ఒక లైన్ వచ్చేది, అంతే. ఎలాగోలా నడిచినా ఇంకో తిప్పలు. అమెరికా డిస్కు ఎన్‌టీఎస్‌సీ, మన పాత టీవీ పాల్. బొమ్మ నలుపు తెలుపులో వచ్చేది, లేదా కిందికీ పైకీ దొర్లేది. బాబాయ్ ముఖం చూడాలి అప్పుడు.

మరి మధ్యరకం ప్లేయర్ ఏం చేసింది? తాళం తీసేసింది. 2000లో అమెరికాలో అపెక్స్ అనే బ్రాండ్ ఏడీ-600ఏ అనే చైనా ప్లేయర్ అమ్మింది. ధర 200 డాలర్ల లోపే. అందులో ఒక రహస్య మెనూ ఉందని కొన్నవాళ్ళు కనిపెట్టారు. దాని పేరే లూప్‌హోల్స్! అందులోకి వెళ్ళి రీజియన్ లాక్ తీసెయ్యొచ్చు. తర్వాత వచ్చిన వాటిలో ఆ మెనూ తీసేశారు, కానీ అప్పటికే విషయం పాకిపోయింది. ఆ తర్వాత ఎన్నో మోడళ్ళలో రిమోట్ మీద ఫలానా అంకెలు వరసగా నొక్కితే లాక్ పోయేది. మన షాపువాళ్ళు ఆ అంకెలు డబ్బా మీదే పెన్నుతో రాసిచ్చేవాళ్ళు. కొందరైతే ముందే తీసేసి అమ్మేవాళ్ళు. రిమోట్ మీద పాల్, ఎన్‌టీఎస్‌సీ మార్చే బటన్ కూడా వచ్చింది. బాబాయ్ పరువు నిలబడింది.

అంత తక్కువ ధరకి ఇవన్నీ ఎలా సాధ్యమయ్యాయి? లోపలి చిప్ వల్ల. మొత్తం పని ఒకటి రెండు చిప్‌లలో ఇరికించి తైవాన్ కంపెనీలు అమ్మాయి. అందులో ఒకటి మీడియాటెక్, 1997లో మొదలైంది. పేరు ఎక్కడో విన్నట్టుందా? మీ చేతిలో ఉన్న ఫోన్ స్పెసిఫికేషన్ ఒకసారి చూడండి, అందులో అదే పేరు ఉండొచ్చు. డిస్కు డ్రైవులు, డీవీడీ ప్లేయర్ల చిప్‌ల మీద ఎదిగిన కంపెనీయే తర్వాత ఫోన్లలోకి వచ్చింది.

డిస్కుకి రెండో తాళం కూడా ఉంది, సీఎస్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్. దాని కీ పొడవు 40 బిట్లే. 1999లో దాన్ని విప్పే ప్రోగ్రామ్ డీసీఎస్ఎస్ బయటికొచ్చింది. దాని వెనక ఉన్నవాళ్ళలో ఒకరు నార్వే కుర్రాడు యోన్ లేక్ యోహాన్సెన్, అప్పటికి వయసు 15. అతని మీద కేసు పెట్టారు. తను కొనుక్కున్న డిస్కుని తన కంప్యూటర్లో చూసుకోవడం నేరం కాదని కోర్టు 2003లో వదిలేసింది. అప్పీలులోనూ అదే తీర్పు. గమనించండి, నార్వే కోర్టులో నడిచిన వాదనా, గుజరాతీ గల్లీలో నాన్న అడిగిన ప్రశ్నా ఒకటే. నా డబ్బుతో నేను కొన్న డిస్కు నా ఇంట్లో నడవాలి కదా?

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. అన్నీ నడిచే ప్లేయర్ వల్ల లాభపడింది మనమే కాదు, పైరసీ కూడా. 2003లో డెన్మార్క్ కంపెనీ కిస్ డివ్ఎక్స్ ఫైళ్ళు నడిపే ప్లేయర్ తెచ్చింది. రెండు మూడేళ్ళలో ఆ సౌకర్యం మధ్యరకం ప్లేయర్లన్నిట్లోకీ దిగింది. డివ్ఎక్స్‌లో ఒక సినిమాని 700 ఎంబీకి కుదించేవాళ్ళు. లెక్క వేయండి, 4.7 జీబీ డిస్కులో ఆరు పడతాయి. ఫుట్‌పాత్ మీద "6 ఇన్ 1" డిస్కులు గుట్టలుగా కనిపించింది అందుకే. మేమూ కొన్నాం, దాచేదేముంది. అందులో రెండు నడిచేవి, ఒకటి థియేటర్లో కెమెరా పెట్టి తీసింది, ఎవరో లేచి బయటికెళ్తున్న నీడ కూడా పడేది.

దీనికి జవాబుగా మోజర్ బేర్ అనే మన దేశపు కంపెనీ 2007 ప్రాంతంలో ఒరిజినల్ వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి అమ్మింది. అంతకు ముందు ఒరిజినల్ అంటే వందల్లో మాట. కవర్ మీద బొమ్మ, లోపల మంచి ప్రింటు, అదీ కిరాణా కొట్లో దొరికే ధరకి. కానీ కాలం కలిసి రాలేదు. డిస్కుల రోజులే అయిపోయాయి. 2018లో ఆ కంపెనీ లిక్విడేషన్‌కి వెళ్ళింది.

సరే, ప్లేయర్ ఉన్నవాళ్ళ కష్టాల దగ్గరికి వద్దాం. మీరూ పడే ఉంటారు. మొదటిది, సినిమా మధ్యలో సరిగ్గా ఒక క్షణం ఆగి మళ్ళీ కదలడం. మెషిన్ పాడైందని భయపడేవాళ్ళం. కాదు, రెండు పొరల డిస్కులో లేజర్ ఒక పొర నుంచి ఇంకో పొరకి మారే క్షణం అది.

రెండోది, సీడీలు నడుస్తాయి, డీవీడీలకి మాత్రం "నో డిస్క్" అంటుంది. ఎందుకంటే సీడీకో లేజర్, డీవీడీకో లేజర్, రెండూ వేరు. ఒకటి నీరసపడినా ఇంకోటి బాగానే ఉంటుంది. మా వీధి మెకానిక్ లెన్స్ దూదితో తుడిచేవాడు. పని కాకపోతే చిన్న స్క్రూడ్రైవర్‌తో లోపల ఒక బుల్లి స్క్రూ తిప్పేవాడు. లేజర్ పవర్ పెరిగేది, ప్లేయర్ మళ్ళీ లేచి కూర్చునేది. కానీ అలిసిన ఎద్దుని కొట్టి నడిపించడం లాంటిది అది, కొన్ని నెలలకి పూర్తిగా పోయేది.

మూడోది టూత్‌పేస్ట్ వైద్యం. నవ్వకండి, అందులో కొంత సైన్స్ ఉంది. పేస్ట్‌లో సన్నటి రాపిడి పొడి ఉంటుంది, అది ప్లాస్టిక్ మీద గీత అంచుల్ని నున్నగా చేస్తుంది. తేడా ఏంటంటే, సీడీలో డేటా పైన లేబుల్ కింద ఉంటుంది, అక్కడ గీత పడితే ఇక అంతే. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి మధ్యలో డేటా పెట్టారు, శాండ్‌విచ్ లాగా.

చివరికి ఈ ప్లేయర్‌ని చంపింది దాని ముఖం మీదే ఉన్న యూఎస్‌బీ పోర్టు. పెన్‌డ్రైవ్ పెడితే సినిమా వస్తుంటే డిస్కు ఎందుకు? తర్వాత పెన్‌డ్రైవ్ టీవీకే పెట్టేశాం. 2016లో జియో వచ్చాక టీవీ కూడా అక్కర్లేకపోయింది. నెట్‌ఫ్లిక్స్ సైతం 1998లో పోస్టులో డీవీడీలు అద్దెకి పంపుతూ మొదలైంది, ఆ సర్వీసుని 2023 సెప్టెంబర్‌లో ఆపేసింది.

అయితే ఎవరు గెలిచారు? ప్లేయర్ ఉన్నంతకాలం మనమే గెలిచాం. ఇప్పుడు ఫోన్‌లో "ఈ వీడియో మీ దేశంలో అందుబాటులో లేదు" అని వస్తుంది చూడండి, అది పాత రీజియన్ కోడే, వేషం మార్చుకుని వచ్చింది. ఈసారి రిమోట్ మీద నొక్కడానికి అంకెలు లేవు.

ఇంతకీ ఈ ఎపిసోడ్ ఎందుకు చేశానో చెప్తాను. 2008లో మా మేనత్త పెళ్ళి. వీడియోగ్రాఫర్ డీవీడీలో ఇచ్చాడు. 2011లో తాతయ్య పోయారు. ఆయన మాట్లాడే వీడియో మా దగ్గర అదొక్కటే. పోయినేడు నానమ్మ చూస్తానంది. ప్లేయర్ ఎప్పుడో పాత సామాన్లకి పోయింది. కంప్యూటర్‌కి పెట్టే డ్రైవ్ ఒకటి కొని వేశాను. తాళి కట్టడం వచ్చింది, తలంబ్రాలు వచ్చాయి. అప్పగింతల దగ్గర బొమ్మ గళ్ళుగళ్ళుగా పగిలి ఆగిపోయింది. నానమ్మ ఏమీ అనలేదు. "పోనీలేరా" అంది.

ఎందుకలా? ఇంట్లో రైట్ చేసే డిస్కులో డేటా ఉండేది రంగు పొరలో. వేడికీ తేమకీ అది పాడవుతుంది, తరచుగా బయటి అంచు నుంచి. డీవీడీ చదవడం లోపలి నుంచి అంచుకి సాగుతుంది. అంటే పెళ్ళిలో చివరి ఘట్టం అంచు మీద ఉంటుంది. తాతయ్య కూతుర్ని అప్పగించే ఘట్టం సరిగ్గా అక్కడే ఉంది.

మేనత్తకి ఫోన్ చేశాను. కరీంనగర్‌లో వాళ్ళ బీరువాలో ఇంకో కాపీ ఉంది. దాని మధ్యలో లోతైన గీత, కానీ అంచు బాగుంది. చదవలేని చోటు వదిలేసి మిగతాది కాపీ చేసే సాఫ్ట్‌వేర్‌తో రెండిట్నీ తీసి అతికించాను. రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడు ఆ వీడియో మా ఇంట్లో నాలుగు ఫోన్లలో ఉంది. నానమ్మ సౌండ్ పెంచమని అడిగి చూసింది.

కాబట్టి ఈ ఆదివారం ఒక పని చేయండి. బీరువాలో పెళ్ళి డిస్కులు, ఓణీల ఫంక్షన్ డిస్కులు, గృహప్రవేశం డిస్కులు బయటికి తీయండి. డ్రైవ్ లేకపోతే వీధి చివర ఫోటో స్టూడియోలో అడగండి. మీ కాపీ చెడిపోతే చుట్టాలకి ఫోన్ చేయండి, ఆ పెళ్ళికొచ్చిన ఎవరో ఒకరి ఇంట్లో ఇంకోటి ఉంటుంది. కాపీ చేశాక రెండు చోట్ల పెట్టండి. నాన్న అడిగిన ప్రశ్నే మళ్ళీ అడగాల్సిన టైమ్ ఇది. నడుస్తదా? ఇవాళ వేసి చూస్తేనే తెలుస్తుంది.

మీ ఇంట్లో ఏం దొరికిందో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.