ఎదుర్లంక బాలయోగి, ఒక్క ఓటు

మా టీమ్‌లో ఒకడు లంచ్ దగ్గర ఎప్పుడూ ఒకటే మాట అంటాడు, "పార్టీ పెరగాలంటే సిద్ధాంతాలు అటకెక్కించాల్సిందే బాసూ" అని. నాకేమో వెంటనే మా కోనసీమ గుర్తొస్తుంది.

ఎన్టీఆర్ 1982లో తెలుగుదేశం పెట్టినప్పుడు చెప్పిందల్లా తెలుగువాడి ఆత్మగౌరవం, ఢిల్లీ పెత్తనం వద్దనడం. బాగానే ఉంది. కానీ పెత్తనం ఢిల్లీలోనే ఉందా? ఊళ్ళో మునసబుగారి అరుగు మీద లేదూ? ఆ అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కింద నిలబడాలో మా తాతగారు ఇప్పటికీ చెప్తుంటారు. 1984లో ఆ కరణం, మునసబు వ్యవస్థ పోయింది. తర్వాత మండలాలొచ్చాయి. 1987లో మండల, జిల్లా పరిషత్ అధ్యక్షుల్ని జనమే నేరుగా ఎన్నుకున్నారు. దళితులకీ, బీసీలకీ, మహిళలకీ రిజర్వేషన్లు ఆ చట్టంలోనే పెట్టారు. 73వ రాజ్యాంగ సవరణ రావడానికి ఇంకా ఐదేళ్ళుంది అప్పటికి!

ఆ ఏడాదే ఎదుర్లంకకి చెందిన దళిత లాయరు జి.ఎం.సి. బాలయోగి తూర్పు గోదావరి జడ్పీ చైర్మన్ అయ్యారు. నిండా 36 ఏళ్ళు లేవు. 1991లో అమలాపురం ఎంపీ. అది రిజర్వుడు సీటేగా, ఏ పార్టీ అయినా దళితుడికే ఇవ్వాలిగా అంటారా? నిజమే. అందుకే నేను 1987ని పెద్దదిగా చూస్తాను. అక్కడ పార్టీ తన మాట మార్చుకోలేదు, అదే మాటని ఊరిదాకా తీసుకెళ్ళింది. కొత్త మనుషులు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు.

1998 సంగతి వేరు. బీజేపీని దూరం పెట్టడానికి పుట్టిన యునైటెడ్ ఫ్రంట్‌కి కన్వీనర్‌గా ఉన్న చంద్రబాబు, ఎన్నికలవగానే 12 మంది ఎంపీలతో వాజ్‌పేయికి బయటినుంచి మద్దతిచ్చారు. (అసలా ఫ్రంట్ బతికిందే కాంగ్రెస్ మద్దతుతో, అది ఇంకో కామెడీ.) బాలయోగి లోక్‌సభ స్పీకరయ్యారు, ఆ కుర్చీలో మొదటి దళితుడు. కోనసీమంతా పండగే. 1999లో పొత్తుతో 29 సీట్లొచ్చాయి కూడా. నాకు మాత్రం ఇది పెరగడంలా కనిపించదు, అప్పు తెచ్చుకోవడంలా కనిపిస్తుంది.

కానీ ఈ మధ్యలోనే 1999 ఏప్రిల్ 17 ఉంది. వాజ్‌పేయి విశ్వాస తీర్మానం. గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి, ఎంపీ పదవి ఇంకా వదల్లేదు. ఆయన ఓటెయ్యొచ్చా అని పెద్ద గొడవ. బాలయోగి దాన్ని గమాంగ్ అంతరాత్మకే వదిలేశారు. 269-270. ప్రభుత్వం పడిపోయింది. గమాంగ్‌ని ఆపుంటే 269-269 అయ్యేది, అప్పుడు నిర్ణాయక ఓటు స్పీకర్‌దే. అంటే తన పార్టీ కాపాడాలనుకున్న ప్రభుత్వం తన చేతిలోనే ఉన్నట్టు! ఆయన తప్పు చేశారనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మా తాతగారు మాత్రం "ఒరేయ్, ఆ కుర్చీ పార్టీది కాదురా" అంటారు.

2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి ఆయన పోయారు. ఎదుర్లంక, యానాం మధ్య గోదావరి మీద ఇప్పుడున్న వంతెనకి ఆయన పేరే. ఒకప్పుడు అక్కడ పంటు మీద దాటేవాళ్ళు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు తాతగారు అక్కడ కారు ఆపమని, దిగి, కాసేపు గోదారి చూసి, మాట్లాడకుండా వచ్చి కూర్చున్నారు.