మారిస్ ఫ్రెషే సాంఖ్యక కృషి: ఒక పరిశీలన

మారిస్ ఫ్రెషే (1878–1973) ప్రస్తావన గణిత చరిత్రల్లో సాధారణంగా 1906 నాటి సిద్ధాంత వ్యాసంతో మొదలై దానితోనే ముగుస్తుంది. తరవాత ఆయన సాంఖ్యకశాస్త్రంలో చేసిన పనిని ఉద్యోగరీత్యా పట్టిన పక్కదారిగా భావించడం పరిపాటి. ఆ పనిని దగ్గరగా చూస్తే ఈ అభిప్రాయం నిలవదు.

జాక్ అడమార్ శిష్యుడైన ఫ్రెషే, బిందువులైనా వక్రరేఖలైనా ప్రమేయాలైనా సరే, ఏ రెండింటి మధ్యనైనా దూరాన్ని కొన్ని నియమాలకు లోబడి నిర్వచించగలిగితే చాలు, అవధి, అవిచ్ఛిన్నత వంటి భావనలు అక్కడ చెల్లుతాయని ఆ వ్యాసంలో చూపారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సేనల వద్ద దుభాషిగా పనిచేసి, 1919లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాక, బీమా గణితం, సాంఖ్యకశాస్త్రం బోధించవలసి రావడంతో సంభావ్యత వైపు మళ్ళారు. పరిశీలనలు పెరిగేకొద్దీ వాటిలోని గరిష్ఠ విలువ ఏ సంభావ్యతా నియమాన్ని అనుసరిస్తుందన్న ప్రశ్నపై 1927లో ఆయన రాసిన పత్రంలోని విభాజనం నేటికీ ఆయన పేరుతోనే ఉంది. మరుసటి ఏడు ఎమీల్ బోరెల్ పిలుపుపై పారిస్ చేరారు.

1930లలో ఆయన సహసంబంధ గుణకంపై, అంటే రెండు రాశులు ఎంత కలిసికట్టుగా మారుతున్నాయో చెప్పే సంఖ్యపై, పట్టుదలగా విమర్శ సాగించారు. ఒక రాశి −2, −1, 0, 1, 2 విలువలను సమాన సంభావ్యతతో తీసుకుంటుందనీ, రెండోది దాని వర్గమనీ అనుకుంటే, మొదటిది తెలిస్తే రెండోది పూర్తిగా తెలిసిపోతుంది. అయినా గుణకం సున్నాయే. గుణకం సున్నా కాగానే సంబంధమే లేదని తేల్చే అలవాటుకు ఇంతకంటె సూటి జవాబు అక్కరలేదు.

పరామితి అంచనాలపై 1943లో అచ్చయిన పత్రం ఆయన సాంఖ్యక కృషిలో ప్రధానమైనది. 1939–40 చలికాలపు తరగతుల్లో చెప్పిన విషయమే అందులో ఉంది: తెలియని పరామితిని ప్రతిరూపం నుంచి పక్షపాతం లేకుండా ఎంత నేర్పుగా అంచనా కట్టినా, కొన్ని షరతుల కింద, ఆ అంచనా విస్తృతి ఒక హద్దుకు దిగువకు పోదు. అదే ఫలితాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లోనూ, స్వీడన్‌లో హరాల్డ్ క్రామెర్ 1946లోనూ ప్రకటించగా, లోకంలో అది క్రామెర్–రావు అసమానతగా స్థిరపడింది. ఫ్రెంచి గ్రంథాలు మాత్రం ఫ్రెషే పేరును ముందు చేరుస్తాయి. ఎవరు ముందన్న తగవుకంటె ముఖ్యమైన విషయం మరొకటుంది: రావు అదే పత్రంలో సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని కూడా నిర్వచించారు. దూరభావనకు సాధారణ రూపమిచ్చిన ఫ్రెషే అసమానతను చేరుకున్నా, ఆ పత్రంలో ఈ మలుపు తీసుకోలేదు.

ఆయన దూరాన్ని సాంఖ్యకశాస్త్రంలోకి తెచ్చిన తీరు వేరు. మామూలు సగటుకు విలువలను కూడాలి. గోళంపై దిక్కులనో వక్రరేఖలనో అలా కూడలేం. అందుచేత పరిశీలనలన్నిటికీ గల దూరాల వర్గాల మొత్తం ఏ బిందువు వద్ద కనిష్ఠమవుతుందో దానినే సగటుగా తీసుకోవాలని 1948లో ప్రతిపాదించారు. దూరం తప్ప మరేమీ అడగని ఈ నిర్వచనం 1906 నాటి ఆలోచనకు నేరుగా కొనసాగింపు. అయితే అందుకు చెల్లించే మూల్యమూ ఉంది: గోళంపై ఎదురెదురుగా ఉన్న రెండు ధ్రువాలను పరిశీలనలుగా తీసుకుని, దూరాన్ని గోళతలం వెంట కొలిస్తే, భూమధ్యరేఖ మీది ప్రతి బిందువూ వాటికి సగటే అవుతుంది.