గడువు దేనికి పెట్టారు?

ఇంగ్లండ్‌లో క్యాన్సర్ గడువుల కథ కొంచెం చెప్పుకుందాం. 2000లో ప్రభుత్వం క్యాన్సర్ ప్లాన్ తెచ్చింది. జీపీ అనుమానంతో అర్జెంటుగా పంపితే రెండు వారాల్లో స్పెషలిస్టు చూడాలి. 2005 చివరికల్లా, 62 రోజుల్లో వైద్యం మొదలవ్వాలి. దాంతో ఆలస్యం అంకెల్లో కనిపించడం మొదలైంది.

కానీ డాక్టరు ఒకసారి చూస్తే చాలు, రెండు వారాల లెక్క సరిపోయేది. జబ్బు ఉందో లేదో తేలకపోయినా సరే! మా సైట్లోనూ అంతేనండీ, దేన్ని కొలిస్తే ఆ పనే ముందు అవుతుంది. అందుకే 2023 అక్టోబరులో ఆ గడువు తీసేశారు. 28 రోజుల్లో క్యాన్సర్ ఉందో లేదో చెప్పడమే లెక్క అన్నారు.

62 రోజుల్లో 85 శాతం మందికి వైద్యం అన్న లక్ష్యం మాత్రం 2015 తర్వాత ఏళ్ల తరబడి అందలేదు. స్కానర్లు, మనుషులు చాలకపోతే గడువొక్కటే ఏం చేస్తుంది? మీవాళ్లని జీపీ పంపితే తేదీ రాసిపెట్టుకోండి. 28 రోజులు దాటితే ఫోన్ చేసి అడగండి.