వాసన పసిగట్టినవాళ్ళు

మా పెద్దమ్మ గుమ్మంలో నిలబడే చెప్పేసేది. పెదనాన్న ఇంకా అరుగెక్కక ముందే, గాలి కాస్త ఇటు మళ్ళితే చాలు, ఇవాళ తాగింది పాకెట్టు సారానా, ఏటిగట్టున కాచిన నాటుసారానా, ఎవరో పోయిస్తే తాగిన బ్రాందీనా అని. అది ఆవిడకి సరదా కాదు. పాకెట్టు సారా అయితే తిట్టి తిట్టి పడుకుంటాడు. నాటుసారా అయితే పిల్లల్ని పక్కింటికి పంపేయాలి. బ్రాందీ అయితే ఎక్కడో అప్పు చేశాడన్నమాట, పొద్దున్నే అప్పులవాడొస్తాడు. వాళ్ళది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో రోశమ్మా, ఆమెతోటి ఆడవాళ్ళూ సారాకొట్టు మూయించాక, చుట్టుపక్కల ఊళ్ళల్లో చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని బయల్దేరిన వాళ్ళల్లో మా పెద్దమ్మ కూడా ఉంది.

చిన్నప్పటి సెలవులన్నీ ఆ ఇంట్లో గడిపిన నేను ఇప్పుడొక సంగతి చెప్పాలి. నాకు విస్కీ ఇష్టం. పదేళ్ళు దాటింది, అరుదైన విస్కీలు వెతుక్కుని రుచి చూసి, ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి నోటుబుక్కులో రాసుకుంటున్నాను. నెలకి రెండు మూడుసార్లు, అదీ చిన్న గ్లాసు. (ఈ వాక్యం రాసి కొట్టేద్దామనుకున్నాను. విస్కీ గురించి రాసే మగవాడెవడూ ఈ లెక్క అప్పజెప్పడు. అయినా ఉంచేస్తున్నాను. ఎందుకు ఉంచాలనిపించిందో కూడా ఈ వ్యాసంలో భాగమే.)

ఇది మొదలైంది 2012లో, గ్లాస్గోలో. తేయాకు తోటల్లో ఆడకూలీల గురించి పని చేస్తున్నాను అప్పుడు. మున్నారు తోటల్ని నడిపిన జేమ్స్ ఫిన్లే కంపెనీ రికార్డులు గ్లాస్గో విశ్వవిద్యాలయం ఆర్కైవులో ఉన్నాయి. రోజంతా లెడ్జర్లు తిరగేస్తే ఆకు కోసిన ఆడవాళ్ళు కూలి లెక్కల్లో అంకెలుగా తప్ప ఎక్కడా కనిపించరు. సాయంత్రం ఆ నిస్సత్తువతో బయటికొచ్చి, దగ్గర్లోని ఒక బార్లోకి వెళ్ళి, పొగ వాసన గట్టిగా ఉండే విస్కీ ఇమ్మని అడిగాను. అక్కడున్న అబ్బాయి చాలా మర్యాదగా నవ్వి తేనెలాంటిదేదో పోసిచ్చాడు. ఆడవాళ్ళకి ఇదే నచ్చుతుందట. రెండోరోజు మళ్ళీ వెళ్ళి, సీసా పేరు చెప్పి అడిగాను. లఫ్రోయిగ్.

ఆ పేరు నాకు తెలియడానికి కారణం రుచి కాదు, బెస్సీ విలియమ్సన్. నేను రోజూ మెట్లెక్కుతున్న ఆ విశ్వవిద్యాలయంలోనే ఆమె 1932లో పట్టా తీసుకుంది. 1934లో ఐలా అనే దీవిలో ఉన్న లఫ్రోయిగ్ డిస్టిలరీకి మూడు నెలల వేసవి ఉద్యోగానికి వెళ్ళింది, షార్ట్‌హ్యాండ్ టైపిస్టుగా. మళ్ళీ తిరిగి రాలేదు. యజమాని ఇయాన్ హంటర్ తన విస్కీ ఎలా తయారవుతుందో బయటికి పొక్కనిచ్చే మనిషి కాదు. ఉత్తరాలన్నీ టైపు చేసే అమ్మాయి దగ్గర మాత్రం ఎంతకాలం దాస్తాడు? 1938లో ఆయనకి పక్షవాతం వచ్చింది. అక్కణ్ణించి ఒక్కొక్క పనీ ఆమె చేతికొచ్చింది. యుద్ధకాలంలో డిస్టిలరీ ఆవరణని సైన్యం వాడుకున్నప్పుడు ఆ వ్యవహారం చక్కబెట్టింది కూడా ఆమే. 1954లో హంటర్ చనిపోతూ డిస్టిలరీని ఆమెకే వదిలి వెళ్ళాడు. 1960ల్లో స్కాచ్ పరిశ్రమ తరఫున అమెరికా అంతా తిరిగి మాట్లాడింది. అదే దశకంలో పెట్టుబడి కోసం వాటాల్ని విడతలు విడతలుగా పెద్ద కంపెనీకి అమ్మి, 1972లో పదవీ విరమణ చేసింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు ఒకటే అడుగుతారు. వాళ్ళిద్దరి మధ్యా ఏముండేది? ఇరవయ్యేళ్ళు పని నేర్చుకుని పని నడిపిన మనిషికి ఆ పని దక్కిందంటే, మగవాడైతే నమ్మకస్తుడని అంటాం. ఆడదైతే వేరే కారణం వెతుకుతాం. నిజం చెప్పాలంటే నేనూ మొదట అదే వెతికాను.

లఫ్రోయిగ్ వాసన అందరికీ పడదు. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టడానికి పీట్ కాలుస్తారు. వేల ఏళ్ళుగా నాచూ గడ్డీ కుళ్ళి అణిగిన బురద అది, పలకలుగా కోసి, పిడకల్లా ఎండబెడతారు. ఆ పొగలోని ఫినాల్స్ గింజకి పట్టి, బట్టీ దాటి, పీపాలో ఏళ్ళు గడిపినా పోవు. టించరు, తారు, ఉప్పుగాలి. అమెరికాలో మద్యనిషేధం ఉన్న కాలంలో దీన్ని మందు కింద అమ్మారని చెబుతారు. వాసన చూస్తే ఏ అధికారైనా నమ్మి ఉంటాడనిపిస్తుంది.

ఆ బార్లోనే పై అరలో 1970ల చివరిలో సీసాకెత్తిన పదేళ్ళ లఫ్రోయిగ్ ఒకటి ఉంది. లెక్కేసుకున్నాను. పదేళ్ళ విస్కీ అంటే కనీసం పదేళ్ళు పీపాలో ఉన్నది. అంటే ఆ సీసాలో ఉన్నది బెస్సీ పెత్తనంలో కాచిన సరుకే. ఇరవై అయిదు మిల్లీలీటర్లు నలభై అయిదు పౌండ్లు. దాదాపు నాలుగు వేల రూపాయలు. మూడు రోజులు రొట్టె, అరటిపళ్ళతో సరిపెట్టుకుని, చివరిరోజు సాయంత్రం వెళ్ళి కొత్తదీ పాతదీ రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టించుకున్నాను.

కొత్తది ముందే అరిచేస్తుంది. పొగ, మందు, తర్వాత కొంచెం తీపి. పాతదాంట్లో పొగ మొదట్లో ఉండీ లేనట్టు ఉంది. పోయలేదేమో అనుకున్నాను. రెండు నిమిషాలు అరచేత్తో గ్లాసు మూసి తీస్తే, మామిడిపండు! పెద్దమ్మ వాళ్ళింట్లో గదిలో వరిగడ్డి పరిచి మాగేసిన బంగినపల్లి, తొడిమ దగ్గరి సొన వాసనతో సహా. ఆ వెనకాల ఎప్పుడో ఆరిపోయిన సాంబ్రాణి. నాలుక మీద మాత్రం ఉప్పు. నాలుగు చుక్కల నీళ్ళు కలిపితే మామిడి ఇంకా విచ్చుకుంది, పొగ కిందికి దిగింది. అప్పటి ఐలా విస్కీలకి ఈ పండు వాసన ప్రసిద్ధి. ఇప్పుడెందుకు రావడం లేదంటే ఒకరు ఈస్టు మారిందంటారు, ఒకరు పీపాలంటారు, ఒకరు బార్లీ అంటారు. ఇంగ్లీషు పుస్తకాలు దాన్ని ‘ఉష్ణమండల ఫలాలు’ అని ఒక్కమాటలో తేల్చేస్తాయి. మామిడి, జామ, అనాస అన్నీ కలిపి ఒకే గంపలో పోసినట్టు. ఎవరి ఉష్ణమండలం?

ఆ రాత్రి నోటుబుక్కులో మొదటిసారి తెలుగులో రాసుకున్నాను. అంతకుముందు వాళ్ళ మాటలే ఎత్తిరాసేదాన్ని, క్రిస్మస్ కేకు, హెదర్ పువ్వు అంటూ. హెదర్ పువ్వుని నేను జీవితంలో వాసన చూడలేదు. కట్టెలపొయ్యి మీద నీళ్ళు చల్లాక లేచే ఆవిరి తెలుసు, తాటిబెల్లం తెలుసు, కొత్త చాప తెలుసు. విస్కీ రుచి రాసే భాషతో ఉన్న చిక్కు దేశానిది మాత్రమే కాదు. లోకమంతా కొనుక్కునే ఒక విస్కీ గైడు 2020 సంచికలో ‘సెక్సీ’ అన్న మాట 34 చోట్ల ఉందనీ, విస్కీ తాగడాన్ని ఆడవాళ్ళతో పడుకోవడంతో పోల్చిన వర్ణనలున్నాయనీ బెకీ పాస్కిన్ అనే పాత్రికేయురాలు ఆ ఏడాది సెప్టెంబరులో ఎత్తిచూపింది. గొడవయ్యింది. పేరున్న ఒక దుకాణం ఆ గైడు కొత్త సంచికని అమ్మడం మానేసింది. అదే కాలంలో ఐర్లండులో బుష్‌మిల్స్‌కి 2005 నుంచి హెలెన్ మల్‌హాలండ్ మాస్టర్ బ్లెండరు. స్కాట్లండులో రేచల్ బారీ ఎన్నో డిస్టిలరీల విస్కీ కూర్చింది. 2022లో ఎమ్మా వాకర్ జానీ వాకర్‌కి ఆ పదవిలోకొచ్చిన మొదటి మహిళ అయింది. బ్లెండరు పని తాగడం కాదు, నమూనాలని నీళ్ళతో పల్చన చేసి రోజుకి పదులకొద్దీ, వందలకొద్దీ ముక్కుతో తూచడం. తూచే ముక్కు ఆడదైనా, రాసే కలం మాత్రం సీసానే ఆడదాన్ని చేసి కూర్చోపెడుతోంది.

బెస్సీ కంటే వందేళ్ళకి పైగా వెనక్కి వెళ్తే హెలెన్ కమ్మింగ్ కనిపిస్తుంది. స్కాట్లండులో స్పే నది దగ్గర కార్డో అనే పొలాన్ని ఆమె భర్త జాన్ 1811లో కౌలుకి తీసుకున్నాడు. ఆ రోజుల్లో పన్నులు భరించలేక రైతులు దొంగచాటుగా సారా కాచేవాళ్ళు. కాచే పనిలో పెద్ద భాగం హెలెన్‌దేనని అక్కడ చెప్పుకుంటారు. ఎక్సైజు వాళ్ళు వచ్చారంటే ఆమె పిండి కలుపుతూ కనిపించేది. రొట్టెపిండి పులిసే వాసనా, బార్లీనీళ్ళు పులిసే వాసనా ఒకటే, రెండిట్లోనూ ఈస్టే కదా. అధికారులకి భోజనం వడ్డించి, వాళ్ళు తింటుండగా వెళ్ళి కొట్టం మీద ఎర్రజెండా ఎగరేసేది, చుట్టుపక్కల వాళ్ళందరూ బట్టీలు దాచుకునేలా. వంటింటి చాకిరీ ఎవరికీ కనబడకపోవడమే ఆమెకి ముసుగైంది.

1823 చట్టం పన్ను తగ్గించి, చిన్న రైతుకి కూడా లైసెన్సు అందేలా చేసింది. మరుసటి ఏడాది కార్డోకి లైసెన్సు వచ్చింది. 1872లో కొడుకు లూయిస్ పోయాక కోడలు ఎలిజబెత్ వ్యాపారం నడిపింది, 1884లో కొత్త డిస్టిలరీ కట్టించింది, పాత బట్టీపాత్రల్ని విలియం గ్రాంట్‌కి అమ్మింది. ఇవాళ లోకమంతా తెలిసిన గ్లెన్‌ఫిడిక్ వాటితోనే మొదలైంది. 1893లో జానీ వాకర్ కంపెనీకి కార్డోని అమ్మేసింది. నేనున్న 2012లోనే, ఆ కంపెనీ పుట్టిన కిల్మార్నాక్ ఊళ్ళో సీసాలు నింపే ప్లాంటు మూతపడింది. తరాలుగా సీసాలు నింపే హాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

హెలెన్ కథ చదువుతుంటే నాకు 1879 రంప గుర్తొచ్చింది. అక్కడ మన్యంలో జనం ఇంటికోసం గీసుకునే కల్లు మీద కూడా ఆంక్షలు పెట్టి, గుత్తేదార్లకి అప్పగించారు. ఆ తిరుగుబాటు కారణాల్లో కల్లు ఒకటి. అక్కడి చట్టం దొంగచాటు రైతుని లోపలికి రానిచ్చింది, ఇక్కడి చట్టం ఇంటికోసం గీసుకునేవాళ్ళని బయటికి నెట్టి వేలంపాట పెట్టింది. మా పెద్దమ్మ గుమ్మం దాకా వచ్చిన పాకెట్టు సారా ఆ వేలంపాటల సంతానమే. 1992లో నెల్లూరు ఆడవాళ్ళు అడ్డుపడింది కొట్లకే కాదు, పాటలకి కూడా. 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది.

ఇంకో ఆడమనిషి, ఇంకో గ్లాసు. రీటా కోవన్ గ్లాస్గో దగ్గరి కిర్కింటిలాక్ ఊరి అమ్మాయి. విస్కీ నేర్చుకోవడానికి 1918లో వచ్చిన మసటాకా టకెట్సురుని 1920లో పెళ్ళాడి జపాను వెళ్ళిపోయింది. 1934లో ఆయన హొక్కైడోలోని యోయిచిలో డిస్టిలరీ పెట్టాడు. తొలి విస్కీ 1940లో గానీ బయటికి రాలేదు. అంతకుముందు ఒసాకాలో ఆమె ఇంగ్లీషు, పియానో పాఠాలు చెప్పి సంసారం గడిపిన రోజులున్నాయి, ఆ పాఠాల పరిచయాల్లోంచే ఒక పెట్టుబడిదారు దొరికాడు. యుద్ధంలో గూఢచారి అని అనుమానించి ఇల్లు సోదా చేశారు. 1961లో అక్కడే పోయింది. యోయిచి నాకు ఒక చిన్న సీసాలో దొరికింది. బొగ్గు మంట మీద నేరుగా కాచిన విస్కీ. లఫ్రోయిగ్ పక్కన పెడితే పొగ పొడిగా, ఇస్త్రీపెట్టెలో నిప్పులు పోసినప్పటి వాసనలా ఉంది. నాకు పెద్దగా నచ్చలేదు. రీటా కథ నచ్చినంతగా నచ్చలేదు.

2013 డిసెంబరులో పెద్దమ్మ కంటి ఆపరేషనుకి హైదరాబాదు వచ్చి మా ఇంట్లో ఉంది. రాత్రి తొమ్మిదింటికి నా గదిలోకి వచ్చేసరికి బల్ల మీద గ్లాసు ఉంది. దాచలేదు. దాచే వ్యవధి లేదన్నది నిజం.

“ఏందిమే ఇది, తారు వాసనొస్తా ఉండాది?” అని గ్లాసు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కంటికి పచ్చ అట్ట కట్టి ఉంది. చాలాసేపు చూసింది. “ఆస్పత్రి. కట్టెపొగ. అడుగున ఏందో తీపి. సారా కాదిది. అయినా అదే.”

విస్కీ అని చెప్పాను. ఎంతని అడిగింది, చెప్పాను. తాగి ఏం చేస్తావని అడిగింది. వాసన చూస్తాను, రాసుకుంటాను అన్నాను.

“వాసన చూసేదానికి తాగాల్నా? నేను ముప్పయ్యేండ్లు చూసినా, ఒక చుక్క తాగకుండా.”

నేనేమీ అనలేదు. గ్లాసులో మిగిలింది సింకులో పోసేసి, ఆవిడే రెండుసార్లు తోమి కడిగింది. బోర్లించబోయి మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుని, ఇంకా పోలేదంది.