కాఫీపొడి రంగు గోడ

ముందుగదికి కాఫీపొడి రంగు వేయిద్దామని నేనంటే, "గది చీకటైపోదుటే?" అన్నారు మా అత్తగారు. చీకటైపోదని మన సిక్కోలు కొండల్లోని సవరలకు ఏనాడో తెలుసు. లోపలిగోడకు ఎర్రమట్టి చిక్కగా పూసి, ఆ ముదురురంగు మీద బియ్యప్పిండి నీళ్లతో, చివర నలిపిన పుల్లతో బొమ్మలు వేయడం వాళ్ల పాత ఆచారం. మన ముగ్గు వాకిట్లో ఉంటే, వాళ్లది గోడెక్కిందన్నమాట!

అయితే అది ఇంటికి సింగారం కాదు. పోయినవాళ్లను తలుచుకోవడానికో, జబ్బు తగ్గాలనో, పంట పండాలనో వేయించేవారు. సరిహద్దు అవతల ఒరిస్సా సవరల ఇళ్లలోని ఇలాంటి బొమ్మలను వెరియర్ ఎల్విన్ 1951లో తన పుస్తకంలోకి ఎక్కించాడు. వాటిలో ఏనుగులు, గుర్రాలే కాదు, సైకిళ్లూ విమానాలూ ఉన్నాయి! పోయినవాళ్లకి మాత్రం కొత్త సరదాలు ఉండవద్దూ?

ఇప్పుడా బొమ్మలు గుడ్డ మీదా కాగితం మీదా అమ్మకానికొస్తున్నాయి. కొని తగిలించుకుంటే వేసినవారికి నాలుగు డబ్బులు, మంచిదే. కానీ మట్టిగోడ పోయి సిమెంటుగోడ వచ్చిన ఇంట్లో ఆ పెద్దలకు చోటెక్కడ? రంగు ఎంచేటప్పుడు మనం గదిలో వెలుతురెంత అనే చూస్తాం. వాళ్లు ఆ గోడ మీద ఎవరు కనబడాలో చూసుకున్నారు.