శాసన ప్రాధాన్యాల పత్రం (వాషింగ్టన్ రాష్ట్ర నగరాలు)

అమెరికా వాయవ్య మూలన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో, శాసనసభ సమావేశాలకు ముందు నగర కౌన్సిళ్లు ఆమోదించే కోర్కెల పట్టిక ఇది. ఏ చట్టం కావాలి, ఏది వద్దు, ఏ పనికి నిధులివ్వాలి అన్నవి ఇందులో ఉంటాయి. సాధారణంగా ఒకటి రెండు పేజీలకు మించదు. పట్టిక పెరిగేకొద్దీ చదివేవాళ్లు తగ్గుతారని నగరాలకు తెలుసు.

అడగక తప్పని పరిస్థితికి మూలం చట్టంలోనే ఉంది. అమెరికా రాజ్యాంగంలో నగరాల ప్రస్తావనే లేదు. రాష్ట్రం ఇచ్చిన అధికారాలే నగరానికి ఉంటాయని అయోవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ 1868లో తీర్పు చెప్పారు. నగరాలు రాష్ట్రం సృష్టించినవేనని 1907లో అమెరికా సుప్రీంకోర్టు కూడా అంది. వాషింగ్టన్ రాష్ట్ర రాజ్యాంగం స్థానిక నిబంధనలు చేసుకునే వీలు ఇచ్చింది కానీ, కొత్త పన్ను వేయాలంటే రాష్ట్రం అనుమతి కావాల్సిందే.

రాజధాని ఒలింపియాలో సమావేశాలు జనవరి రెండో సోమవారం మొదలవుతాయి. బేసి సంవత్సరాల్లో 105 రోజులు, సరి సంవత్సరాల్లో 60 రోజులు. రెండేళ్ల బడ్జెట్ బేసి ఏడాదిలోనే తయారవుతుంది కాబట్టి పెద్ద పద్దులన్నీ అప్పుడే అడుగుతారు. రాష్ట్రంలోని 281 నగరాలు, పట్టణాల తరఫున వాటి సంఘం ఉమ్మడిగా మాట్లాడుతుంది. ఒక ఊరి వంతెనకో, నీటి ట్యాంకుకో డబ్బు అడగాలంటే మాత్రం ఆ ఊరే వెళ్లాలి. స్తోమత ఉన్న చిన్న నగరాలు ఒప్పందం మీద లాబీయిస్టును పెట్టుకుంటాయి. మిగతా చోట్ల మేయరే కారెక్కుతాడు.

ఏళ్ల తరబడి తరచూ కనిపించే కోర్కె ఆస్తి పన్నుది. ఓటర్లను అడగకుండా నగరం తన ఆస్తి పన్ను మొత్తం రాబడిని ఏడాదికి 1 శాతానికి మించి పెంచరాదని 2001లో ప్రజలు ఓటు వేసి నిర్ణయించారు. కొత్త నిర్మాణాల మీద వచ్చే పన్ను దీనికి అదనం. 2007లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. కొద్ది వారాల్లోనే శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై అదే పరిమితిని మళ్లీ చట్టం చేసింది. జీతాలు, తారు, డీజిల్ ధరలు మాత్రం 1 శాతం దగ్గర ఆగవు. మైక్రోసాఫ్ట్ పుణ్యమా అని తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడిన సమామిష్ లాంటి నగరాలకు ఈ దెబ్బ ఎక్కువ. 1999లో ఏర్పడిన ఆ నగరంలో ఎటు చూసినా ఇళ్లే. దుకాణాలు తక్కువ కాబట్టి అమ్మకపు పన్నూ తక్కువే. పరిమితిని 3 శాతానికి పెంచే ప్రతిపాదన 2025లో వచ్చినా నిలవలేదు. పోలీసుల కోసం 0.1 శాతం అమ్మకపు పన్నును ఓటింగు లేకుండానే కౌన్సిల్ వేసుకునే వెసులుబాటు మాత్రం అదే ఏడాది దక్కింది.

కల్వర్టుల కోర్కె బయటివాళ్లకు వింతగా తోస్తుంది. రోడ్ల కింది పాత తూములు సాల్మన్ చేపలు ఎగువకు వెళ్లే దారిని అడ్డుకుంటున్నాయనీ, ఇది అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం తమకున్న చేపల హక్కుకు భంగమనీ ఆదివాసీ తెగలు కోర్టుకెక్కి గెలిచాయి. 2018లో అమెరికా సుప్రీంకోర్టు 4-4గా చీలిపోవడంతో కింది కోర్టు తీర్పే నిలిచింది. ఆ ఆదేశం రాష్ట్రం కల్వర్టులకే వర్తిస్తుంది. కానీ అదే వాగు మీద నగరం కల్వర్టు కూడా ఉంటే, రాష్ట్రం కోట్లు పోసి కట్టినదాన్ని దాటిన చేప అక్కడ ఆగిపోతుంది. తమ కల్వర్టులకూ డబ్బివ్వమని నగరాలు అడగడం న్యాయమే.

‘వద్దు’ల్లో ప్రధానమైనది ఇళ్ల స్థలాల నిబంధనల మీద రాష్ట్రం జోక్యం. 25 వేల నుంచి 75 వేల జనాభా ఉన్న నగరాలు నివాస స్థలాల్లో కనీసం రెండేసి ఇళ్లకు అనుమతివ్వాలని 2023 చట్టం చెప్పింది. స్థానిక నిర్ణయం పేరుతో చేసిన అభ్యంతరాల వెనుక కొన్నిచోట్ల పొరుగున కొత్తవాళ్లు రాకూడదన్న కోరిక కూడా ఉందనడం అన్యాయం కాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎమ్మెల్యే పురపాలక మండలిలో హోదా రీత్యా సభ్యుడు. అందువల్ల ఊరి కోర్కె చాలావరకు ఆయన ద్వారానే రాజధానికి చేరుతుంది. వాషింగ్టన్‌లో అలాంటి వంతెన లేదు కాబట్టి నగరమే లాబీయింగ్ చేసుకోవాలి, దానికీ నిబంధనలున్నాయి. నగరం లాబీయింగ్‌కు పెట్టే ఖర్చును ప్రజా వెల్లడి కమిషన్‌కు మూడు నెలలకోసారి నివేదించాలి. శాసనసభ్యులతో నేరుగా మాట్లాడవచ్చు గానీ, అభ్యర్థుల ఎన్నికల ప్రచారానికి నగరం సొమ్మును, సిబ్బందిని వాడరాదు.